పిలుపు వినబడలేదా?

తిరుపతిలో కాపురముంటున్న మా అమ్మాయి రెండవ కాన్పుకు చిత్తూరులోని మా ఇంటికి వచ్చింది. వెంట తొమ్మిదేళ్ళ కూతురు. ఆ పిల్ల మెడలో గొలుసుకు గుడ్డు ఆకారపు ఆటవస్తువొకటి వేలాడుతూ ఉంది. కువైట్ నుంచి చాచా తెచ్చాడట. పేరు తమగోచి.

జపాన్‌కు చెందిన బందాయ్ కంపెనీ దీనిని 1996 నవంబరులో విడుదల చేసింది. ఆ దేశ భాషలో 'తమాగో' అంటే గుడ్డు. చిన్న తెర, మూడు మీటలు. తెరమీద గుడ్డు పగిలి పసికూన పుడుతుంది. ఆకలైతే కీచుమని పిలుస్తుంది. తిండి పెట్టాలి, మలినం శుభ్రపరచాలి, జబ్బు చేస్తే మందు వేయాలి, నిద్రపోతే దీపం ఆర్పాలి. అశ్రద్ధ చేస్తే చనిపోతుంది. పిల్లలు తరగతి గదుల్లోనూ దీనిని వదలకపోవడంతో అప్పట్లో ఎన్నో పాఠశాలలు నిషేధించాయి.

నేనూ నిషేధించబోయాను. అసర్ నమాజు వేళ అది కీచుమన్నది. కోప్పడ్డాను. "దానికి ఆకలేస్తోంది నానా" అంటూ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. మదరసాలో నేను బోధించే హదీసే అప్పుడు గుర్తుకు వచ్చింది. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారు. దైవప్రవక్త (స) ఇంట్లోకి రాగానే బిడియంతో దాక్కున్న నేస్తాలను ఆయనే తిరిగి ఆమె వద్దకు పంపేవారు. నమాజు వేళ శబ్దం ఆపి ఉంచమని మాత్రం చెప్పి ఊరుకున్నాను.

అల్లాహ్ దయవలన మనవడు పుట్టాడు. అకీకా అయిన మూడవ రాత్రి పసివాడు ఏడుపు అందుకున్నాడు. అమ్మాయి, నా భార్య అలసటతో గాఢనిద్రలో ఉన్నారు. నేను మేలుకునే ఉన్నాను. ఎవరో ఒకరు లేస్తారులే అని కళ్ళు మూసుకున్నాను. మనవరాలు వచ్చి నా భుజం తట్టింది.

"నానా, తమ్ముడు పిలుస్తున్నాడు. వినబడలేదా?"

జవాబు చెప్పలేకపోయాను. ముగ్గురు బిడ్డల తండ్రినైనా, వారి కోసం ఒక్క రాత్రి కూడా నేను లేవలేదు. పసిబిడ్డ ఏడుపు వినబడితే, తల్లి మనసు కలత చెందుతుందని దైవప్రవక్త (స) నమాజునే కుదించేవారని విద్యార్థులకు ఎన్నిసార్లో చెప్పాను. నా నిద్రను మాత్రం కుదించుకోలేదు.

లేచాను. తడిసిన గుడ్డ మార్చడం చేతకాలేదు. నానీని చూసి నేర్చుకున్నానంటూ మనవరాలే చూపించింది. పసివాణ్ణి భుజాన వేసుకుని చాలాసేపు వరండాలో తిరిగాను.

తమ్ముడి ధ్యాసలో పడి పిల్ల బొమ్మను మరచిపోయింది. రెండు రోజులకు తెరమీది ప్రాణి చనిపోయింది. కాసేపు దిగులుపడి రెండు మీటలు కలిపి నొక్కింది. కొత్త గుడ్డు వచ్చింది.

అది చూసి నా మనసు చివుక్కుమన్నది. తల్లి పడే బాధమీద బాధను, రెండేళ్ళ పాలకాలాన్ని దివ్య ఖుర్‌ఆన్ లుఖ్మాన్ సూరాలో మనకు గుర్తుచేస్తుంది. ఆ రెండేళ్ళను తిరిగి తెచ్చే మీట ఏదీ లేదు. బిడ్డ మన చేతిలో ఉంచబడిన అమానత్. నా పిల్లల పసితనపు రాత్రులు నాకిక దొరకవు.

ఆనాటి రాత్రులన్నీ ఒంటరిగా మేలుకున్న నా భార్యను క్షమాపణ అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈ రాత్రి కూడా మీరే లేవండి" అన్నది.

మన ఇంట్లోని పిలుపులు వినే చెవులను, లేచే ఓపికను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.