ఎర్రబల్బు వెలగక ముందు...

మన సినిమాల్లో ఆపరేషన్ అనగానే ఏం జరుగుతుంది? థియేటరు తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతుంది. గుళ్ళో గంటలు మోగుతాయి. హీరోయిన్ దేవుణ్ణి నిలదీస్తుంది. బల్బు ఆరిపోతుంది, డాక్టరు బయటికొచ్చి కళ్ళజోడు తుడుచుకుంటాడు. అంతా కలిపి మూడు నిమిషాలు! కాని ఆపరేషన్ చేయించాలా, వద్దా అని ఇంటిల్లిపాదీ పడే మల్లగుల్లాలు తెరమీద చూపించగా నేను చూడలేదు. అసలు కథంతా అక్కడే వుంది సుమా!

మా ఇంటి పేషెంటు పేరు టఫీ. తెల్లబొచ్చు కుక్క. వయస్సు 13 ఏళ్ళు. పేరెక్కడిదో మీకు చెప్పనక్కర్లేదు. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్', అదే మన తెలుగులో 'ప్రేమాలయం', అందులో క్రికెట్టుకి అంపైరుగా కూర్చుని, ఆఖర్న ఉత్తరం చేరవేసి కథని సుఖాంతం చేసిన కుక్క పేరది. మా అమ్మకి ఆ చిత్రమంటే ప్రాణం.

కొన్నాళ్ళుగా మా టఫీ ఒకవైపే నములుతోంది. నోరు వాసన. ఆపైన కుడికన్ను కింద వాపు. కంటి జబ్బేమో అనుకున్నాం. పశువుల డాక్టరుగారు చూసి, "కన్ను కాదు, పైదవడలో పెద్ద పన్ను వేరు దగ్గర చీము పట్టింది" అన్నారు. మందులకి వాపు తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. పన్ను తీస్తే తప్ప పోదట. పూర్తిగా మత్తు ఇవ్వందే తీయడం కుదరదట. పైగా చిన్నజాతి కుక్కలకి దవడ ఎముక పల్చన. చీము దాన్ని తినేస్తే ఎముకే విరగొచ్చునట!

ఇక మత్తు సంగతి. 2008లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, మత్తిచ్చిన ఆరోగ్యమైన కుక్కల్లో సుమారు 1,850కి ఒకటి చనిపోతే, జబ్బున్నవాటిలో 75కి ఒకటి చనిపోయింది. టఫీకి గుండె కవాటం కాస్త లీకవుతోంది. అంటే మాది రెండో లెక్క. 75లో 74 మంచి అంకే. ఆ మిగిలిన ఒక్కటీ మనదైతే?

"వయసైపోయింది, ఉన్నన్నాళ్ళు ఉంటది. తింటూనే ఉంది కదా" అన్నాడు నాన్న. నిజమే, తింటోంది. కుక్క నొప్పిని దాచుకుంటుంది, ఆకలిని దాచుకోలేదు. తింటోంది కదా అని నొప్పి లేదనుకోడానికి వీల్లేదని డాక్టరుగారు ముందే చెప్పారు.

అప్పుడు అందుకుంది నాయనమ్మ. "పన్ను నొప్పి సంగతి నీకేం తెల్సురా? పోయినేడు నాకు పీకించినంకనే గదా బువ్వ తిన్న. అప్పుడు నా వయసు ఎవరన్న అడిగిన్రా?"

నాన్న మరి మాట్లాడలేదు.

నిజానికి వయస్సు ఒక జబ్బు కాదు. చూడాల్సింది గుండె, మూత్రపిండాలు, రక్తం. ఆ పరీక్షలన్నీ చేయించాం. మూత్రపిండాలు బాగున్నాయి. గుండె మందులతో నిలకడగా వుంది. ఈ మాత్రం బాగున్నప్పుడే చేయించడం మేలు. ఏడాది ఆగితే టఫీకి వయస్సూ పెరుగుతుంది, చీమూ పెరుగుతుంది.

అందుకని వచ్చే సోమవారానికి ఖాయం చేసుకున్నాం. అడవి అంచున వున్న మా ఏన్కూరు నుంచి తల్లాడ, ఖమ్మం మీదుగా 200 కిలోమీటర్లు దాటి, హైదరాబాదు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకి ప్రయాణం. చెడిన పళ్ళు మాత్రమే తీయాలి, గుండె తడబడితే మధ్యలోనే ఆపెయ్యాలి అని ముందే అడిగి ఒప్పించుకున్నాం. పళ్ళు పోయినా మెత్తటి అన్నం హాయిగా తింటుందట.

ఏమవుతుందో ఈ వారానికి నేను చెప్పలేను. దాని ఆయుష్షు పొడిగించాలని మేం పంతం పట్టలేదు. మిగిలిన రోజుల్లో రెండుపూటలా నొప్పి లేకుండా తినాలి, అంతే మా కోరిక. కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. నేనే పెడతానన్నాడు నాన్న.