పుట్టింటి పేరు

ఎడింబరోలో మా ఇంటివారావిడ మెకంజీల ఆడపడుచు. పెళ్ళయి యాభై ఏళ్ళు దాటినా, 2009 జులైలో అక్కడ స్కాటిష్ 'క్లాను'ల మహా సమ్మేళనం జరిగితే, అత్తింటివారి గుడారం వైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా పుట్టింటివారి గుడారంలో కుర్చీ వేసుక్కూర్చుంది. నన్నూ వెంటపెట్టుకెళ్ళింది. మావారి ఉద్యోగం పుణ్యమా అని అప్పుడు మేం ఆవిడ మేడమీద వాటాలో ఉండేవాళ్ళం. నాకింకా ముప్ఫై నిండలేదు.

క్లాన్ అంటే మన కులమూ కాదు, గోత్రమూ కాదు. ఒక నాయకుడూ, అతని పేరే ఇంటిపేరుగా పెట్టుకున్న జనమూను. అందరిదీ ఒకే రక్తం కానక్కర్లేదట. నాయకుడి నీడన బతుకుతూ అతని పేరు తగిలించుకున్నవాళ్ళూ బోలెడుమంది.

హోలీరూడ్ పార్కులో రెండు రోజుల తిరునాళ్ళు. 47 వేలమంది వచ్చారని అంచనా వేశారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ - ఎక్కడెక్కడివాళ్ళో! గొర్రెల పెంపకం లాభమని భూస్వాములు గుడిసెలు ఖాళీ చేయిస్తే ఓడలెక్కి పోయినవాళ్ళ మునిమనవలు కొందరు. "అమ్మా, తాతగారు పరికిణీ కట్టుకున్నారేం?" అని మా నాలుగేళ్ళవాడు గట్టిగా అడిగాడు. తెలుగులో అడిగాడు కాబట్టి బతికిపోయాను. ఆ పరికిణీ గళ్ళకీ ఒక కథ ఉంది. 1746లో కలోడెన్ యుద్ధంలో ఓడిపోయాక కొండసీమ మగవాళ్ళు ఆ దుస్తులు వేసుకోవడం నేరమన్నారు. 1782 దాకా ఆ నిషేధం ఎత్తెయ్యలేదు. ఇక ఫలానా గళ్ళు ఫలానా వంశానివి అని కచ్చితంగా పంచుకున్నది చాలామటుకు పంతొమ్మిదో శతాబ్దంలోనేనట. మన పట్టుచీరల కొట్లో "అమ్మమ్మల కాలంనాటి అంచండీ" అంటారే, అలాగన్నమాట.

సాయంత్రం ఎవరి జెండా వెనక వాళ్ళు, బాగ్‌పైపులు మోగించుకుంటూ రాయల్ మైల్ వీధంట కోటదాకా నడిచారు. ఒంటె వాడు అరిచినట్టుండే ఆ వాద్యం నాకంతవరకూ నచ్చేది కాదు. ఆ రోజు మాత్రం ఎందుకో గొంతు పట్టేసింది.

గుడారంలో నా గొప్ప నేనూ చెప్పుకున్నాను. "మీ కోలిన్ మెకంజీ లేడూ, లూయిస్ దీవిలో స్టోర్నవేలో పుట్టినవాడు! సర్వేకని మా దేశం వచ్చి, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల చేత ఊరూరి కైఫీయతులూ సేకరింపించాడు. మా ఊరిదీ ఉంది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటివారావిడ మాత్రం కళ్ళద్దాల పైనుంచి చూసి, "అందులో మీ వాళ్ళ ఆడవాళ్ళున్నారా?" అంది.

లేరు. కరణాలున్నారు, ఇనాములున్నాయి, చెరువులున్నాయి.

మర్నాడు కాదు, ఆ పై వారం ఆవిడ నన్ను రిజిస్టరు ఆఫీసుకి తీసుకెళ్ళింది. అక్కడ 1855 నుంచీ జనన మరణాలు ప్రభుత్వం లెక్క రాసిపెట్టింది. చనిపోయినవాళ్ళ కాగితంలో తండ్రి పేరుతోబాటు తల్లి పేరూ, ఆ తల్లి పుట్టింటి పేరూ రాస్తారు. వాళ్ళ సమాధి రాళ్ళమీద కూడా ఆడవాళ్ళ పుట్టింటి పేరు చెక్కి ఉండడం నేనే చూశాను. ఆవిడ చూస్తుండగానే తల్లి, ఆ తల్లి తల్లి, ఆ పై తల్లి - మెట్లు దిగినట్టు దిగిపోయింది. తర్వాత నా చేతికొక ఖాళీ వంశవృక్షం కాగితం ఇచ్చి, "ఇప్పుడు నీది" అంది.

మా నాయనమ్మ తల్లి దగ్గర ఆగిపోయాను.

ఆవిడ్ని నేను చూడలేదు. కానీ చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. వెన్నెల రాత్రుళ్ళు అరుగుమీద కూచుని కథ మొదలెడితే పక్క వీధివాళ్ళు కూడా వచ్చి కూచునేవారట. నేను పత్రికకి మొదటి కథ పంపినప్పుడు నాయనమ్మ, "మా అమ్మ పోలికే" అంది. అప్పుడైనా "ఆవిడది ఎవరిల్లు నాయనమ్మా?" అని అడగలేదు నేను. కథ అచ్చయిందా లేదా అన్నదే నా ధ్యాస.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. నాన్న ఏటా తర్పణాలు వదిలే మనిషి. మాతామహి పేరు సూరమ్మ, గోత్రం ఇదీ అని గడగడా అప్పజెప్పేశారు. ఆ గోత్రం మాత్రం ఆవిడ భర్తది. "పుట్టింటివారెవరు నాన్నా?" అంటే అవతలినుంచి కాసేపు మాట లేదు. "మీ అత్తయ్యకేమైనా తెలుసేమో" అన్నారు చివరికి.

ఆ డిసెంబరులో ఇండియా వచ్చాను. అత్తయ్యకి అప్పటికే చూపు ఆనడం లేదు. మంచం పక్కన కూచుని అడిగాను.

"పుట్టింటి పేరా? మేమంతా వేమూరమ్మమ్మ అనేవాళ్ళమే. వేమూరునించి వచ్చింది కదా!"

"అది ఊరు, అత్తయ్యా. ఇంటిపేరు?"

అత్తయ్య చాలాసేపు ఆలోచించింది. పెదవులు కదుపుతూ ఏవో రెండు మూడు పేర్లు అనుకుని, తనలో తనే తల అడ్డంగా తిప్పేసింది. "ఎవరూ అనగా వినలేదే" అంది.

నేను కాగితం తీసి, సూరమ్మగారి గడిలో పెన్సిల్‌తో 'వేమూరు' అని రాసుకున్నాను. పెన్సిలు గీత విన్నట్టుంది, అత్తయ్య తల ఇటు తిప్పింది.

"ఏం రాస్తున్నావు?"

చెప్పాను.

"అందులో నేనున్నానా?"

"ఉన్నావుగా, నాన్న పక్కనే."

"నా పేరు ముందు మనింటి పేరు కూడా రాయి. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో" అంది అత్తయ్య.