బర్కాలో గోంగూర మడి

మస్కట్ నుంచి సోహార్ వెళ్ళే దారిలో ఒక పక్క సముద్రం, మరో పక్క దూరాన కొండలు, మధ్య ఖర్జూరపు తోటలు. అదే బాతినా మైదానం. అందులోనే మా బర్కా. పాత కోట, ఎద్దుల పోటీలు చూడటానికి మనవాళ్ళు వస్తూనే వుంటారు. వచ్చినవాళ్ళకి మా పెరడు చూపించకుండా పంపము!

మొదటి ఏడు చూపించడానికి ఏమీ లేదు. గోంగూర జానెడు ఎదగకముందే ఆకుల అంచులు మాడిపోయాయి. నీళ్ళు చాలలేదనుకుని రోజూ కాసిని పోశాము. ఇంటి దగ్గరి అలవాటు కొద్దీ బూడిద చల్లాము. రెండూ తప్పే. ఇక్కడి ఇసుక నేలలో సున్నం, క్షారగుణం ఎక్కువ. బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది. పైగా ఏళ్ళ తరబడి పంపులతో తోడటంవల్ల తీరంవెంట చాలా బావుల్లోకి సముద్రపు ఉప్పు చేరింది. కాసిని పోసిన నీరు ఆవిరైపోయి, ఉప్పుని వేళ్ళ దగ్గరే వదిలేస్తుంది. కరివేపాకు లేత ఆకులు పసుపురంగుకి తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. మట్టిలో ఇనుము వున్నా క్షారంవల్ల మొక్కకి అందదు. రోజూ రక్తహీనతకి మందులు రాసే మేము, మా పెరట్లో రోగాన్ని పోల్చుకోలేకపోయాము.

దారి చూపింది పక్క తోట పెద్దాయన. పచ్చి మేక ఎరువులోనూ ఉప్పు వుంటుంది, మాగనిచ్చి వెయ్యమన్నాడు. గుంట తీసి కూరగాయల తొక్కలు, టీపొడి పిప్పి, ఎండుటాకులు, మేక ఎరువు పొరలుగా వేసి, తడుపుతూ తిరగేస్తూ నాలుగు నెలలు మాగబెట్టాము. అక్టోబరులో జానెడు లోతున మట్టిలో కలిపాము. ఖర్జూరపు మట్టలు త్వరగా కుళ్ళవు కనుక ముక్కలు చేసి పైన కప్పాము. ఉప్పు కిందికి దిగేలా అప్పుడప్పుడు కుళాయి నీరు మడి నిండా పెట్టాము. ఆ చలికాలం గోంగూర పచ్చడి తిన్నాము.

"అద్దె ఇల్లు, రెండేళ్ళ కాంట్రాక్టు. వదిలిపోయే మట్టికి ఇంత చాకిరీ ఎందుకు డాక్టరుగారూ?" అంటారు మిత్రులు. నిజమే, ఈ ఎండలకి ఎరువు త్వరగా హరించుకుపోతుంది, ఏటేటా వెయ్యాలి. మేము వెళ్ళిపోయాక ఎంతోకాలం నిలవదు కూడా. కాని ఆ పెద్దాయన మొన్న కొత్తగా ఖర్జూరపు పిలకలు నాటాడు. కాపుకి కొన్నేళ్ళు పడుతుంది. ఎవరు తింటారని ఆయన అడగలేదు.

మా కాంట్రాక్టు కాగితం ఇంకా రాలేదు. గుంట మాత్రం మళ్ళీ నింపుతున్నాము. బర్కా వచ్చేవాళ్ళు మిఠాయిలు తేవద్దు, కూరగాయల తొక్కలు తెండి. గోంగూర కట్టతో సాగనంపుతాము.