నాట్లకు ముందు డర్బన్

మా నాన్న సెలవులు సాగర్ ఎడమ కాలువ చేతిలో ఉంటాయి. పైన శ్రీశైలం నిండి, సాగర్‌కు నీళ్లొచ్చి, కాలువ వదిలితే మా గరిడేపల్లిలో వానాకాలం పని మొదలవుతుంది. ఒక ఏడు అది జులైలో, ఒక ఏడు ఆగస్టులో. నారుమడి, దమ్ము, నాట్లు మొదలయ్యాక ఆయన మిర్యాలగూడకు రమ్మన్నా రాడు, దక్షిణాఫ్రికాకేం వస్తాడు? యాసంగి వడ్లు కోసి అమ్మేశాక మళ్లీ కాలువ వదిలేదాకా దొరికే సందు మే, జూన్ నెలలే. ఆ సందులో అమ్మానాన్నల్ని మేముండే జొహానెస్‌బర్గ్‌కు రప్పించి, డర్బన్ సముద్రం చూపించి పంపాలని ఈసారి గట్టిగా అనుకున్నాం.

ఇక్కడి మనవాళ్లకు చెప్తే అందరిదీ ఒకటే మాట: "డర్బన్ అంటే డిసెంబర్ కదండీ!" నిజమే, బడులకు పెద్ద సెలవులు అప్పుడే. డిసెంబర్ రెండో వారం దాటిందంటే జొహానెస్‌బర్గ్ సగం ఖాళీ అయి, ఎన్3 రహదారి మీద బారులు తీరుతుంది. భూమధ్యరేఖకు ఇవతల కాబట్టి అప్పుడు ఎండాకాలం. డర్బన్‌లో ఎండ, ఉక్కపోత, సాయంత్రమైతే వాన, బీచిలో కాలు పెట్టే చోటుండదు, గది అద్దెలు రెట్టింపు. ఉక్కపోత కోసం మా వాళ్లు ఏడు వేల కిలోమీటర్లు ఎగిరి రావాలా? కోదాడ బస్టాండులో కావలసినంత దొరుకుతుంది.

జూన్‌లో ఆ ఊరి సంగతే వేరు. అక్కడి లెక్కలో అది చలికాలం. పగలు 23 డిగ్రీలు, రాత్రి 12 డిగ్రీల దరిదాపు. వాన తక్కువ, ఎండ మాత్రం రోజంతా ఉంటుంది. మొజాంబిక్ వైపు నుంచి దిగే అగుల్హస్ అనే వెచ్చని సముద్ర ప్రవాహం ఆ తీరాన్ని ఆనుకునే పోతుంది కాబట్టి నీళ్లు కూడా మరీ చల్లబడవు, 20 డిగ్రీల పైనే ఉంటాయి. ఇదే దేశంలో కేప్‌టౌన్‌కు జూన్ వానాకాలం, అక్కడి సముద్రంలో కాలు పెడితే ఎముకలు కొరికేంత చలి. ఫొటోలు చూసి కేప్‌టౌన్ అంటున్న మా పిల్లలకు ఇదంతా చెప్పి ఒప్పించడానికి కొంత సమయం పట్టింది.

నాన్నకు ఫోన్లో చెప్తే నమ్మలేదు. "రోహిణి కార్తెల చలికాలమేందిరా? ఇక్కడ రోళ్లు పగులుతున్నయ్!" ఆయన తప్పేం లేదు, అప్పుడు గరిడేపల్లిలో 44 డిగ్రీలు. అమ్మ ఆలోచన ఇంకో దారిలో పోయింది. స్వెటర్లు అక్కడ కొనాలా, ఇక్కడ కొనాలా అని. ఇక్కడే కొంటానన్నాను. డర్బన్‌కు పలుచనిది చాలు గానీ జొహానెస్‌బర్గ్ దాదాపు ఆరు వేల అడుగుల ఎత్తున ఉంది, జూన్ రాత్రుల్లో నీళ్లు గడ్డకట్టే చలి వస్తుంది.

ఇక కాగితాల పని. వీసాకు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు. ఉద్యోగస్తుడికైతే నెలనెలా జీతం పడి స్టేట్‌మెంటు ముచ్చటగా ఉంటుంది. రైతు ఖాతా అట్లా ఉండదు. మా నాన్నది చూస్తే నెలల తరబడి గ్యాసు బండ డబ్బులు, మందు షాపు చెల్లింపులు. ఉన్నట్టుండి ఒకరోజు మిర్యాలగూడ మిల్లుకు తోలిన సన్న వడ్ల డబ్బులు ఒక్క మొత్తంగా పడతాయి. తర్వాత వారంలోనే అప్పులకూ కౌలుకూ పోతాయి. ఆ ఒక్క పెద్ద మొత్తం చూసి ఎవరో సర్దిన డబ్బనుకునే ప్రమాదం ఉంది. అందుకే పట్టాదారు పాసుపుస్తకం నకలు, మిల్లు కాటా చీటీ, ఏడాదికి రెండే సార్లు ఎందుకు డబ్బు పడుతుందో వివరించే ఒక ఉత్తరం, నా జీతం స్లిప్పులు, ఆహ్వాన పత్రం అన్నీ కలిపి ఫైలు చేయించాను. ఊళ్లో పంట మీద బతికే అమ్మానాన్నలున్న ప్రతివాళ్లకూ ఈ ఉత్తరం అవసరమే.

హైదరాబాద్ నుంచి ఇక్కడికి నేరు విమానం లేదు. అడిస్ అబాబా మీదుగా టికెట్ ఒక్కోసారి చవగ్గా కనిపిస్తుంది. ఇథియోపియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడి విమానాశ్రయంలో 12 గంటలు మించి ఆగాల్సివస్తే దక్షిణాఫ్రికాలో టీకా పత్రం అడుగుతారు, తిరుగు ప్రయాణంలో మన దేశంలోనూ ఆ నిబంధన ఉంది. టీకా నారాయణగూడలోని ఐపీఎంలో వేస్తారు గానీ, 60 ఏళ్లు దాటినవాళ్లకు ఆ టీకా వేసేముందు డాక్టర్లు ఆలోచిస్తారు. నాన్నకు బీపీ కూడా ఉంది. మిగిలే డబ్బు చూసుకుని ఈ తలనొప్పి తెచ్చుకోవడమెందుకని దుబాయ్ దారినే పట్టాను.

జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ 570 కిలోమీటర్లు. విమానంలో గంటే, అయినా కారులోనే తీసుకుపోవాలని నా పట్టుదల. హారిస్మిత్ దాటాక వాన్ రీనెన్స్ కనుమ దిగుతుంటే ఒక పక్కన డ్రాకెన్స్‌బర్గ్ కొండలు కనిపిస్తాయి. చలికాలంలో అప్పుడప్పుడు మంచు పడి ఆ దారి మూసేస్తారు. 2024 సెప్టెంబర్‌లోనైతే వాహనాలు రాత్రంతా మంచులో ఇరుక్కుపోయాయి. బయల్దేరే ముందు వాతావరణం చూసుకోవాలి, అంతే.

బీచిలో అమ్మకు ఏం కావాలో నాకు తెలుసు. చిన్నప్పుడు మా వాడకట్టు ఆడవాళ్లంతా కలిసి కార్తీకమాసంలో బస్సు మాట్లాడుకుని సూర్యలంక పోయేవాళ్లు. తెల్లారకముందే నీళ్లలో మూడు మునకలు, పసుపు కుంకుమ, ఇసుకలోనే పులిహోర. డర్బన్‌లో మునగవచ్చు గానీ రెండు జెండాల మధ్యే మునగాలి. ఆ హద్దు లోపలే లైఫ్‌గార్డులు కాపలా ఉంటారు. సొరచేపలకు అడ్డంగా అక్కడ 1952 నుంచీ వలలు కడుతున్నారు. ఇంకో భయం నీటి శుభ్రత. ఆ ప్రాంతంలో 2022 ఏప్రిల్ వరదల్లో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. మురుగు వ్యవస్థ దెబ్బతిని, మురికినీళ్లు సముద్రంలో కలిసి బీచులు మూసేశారు. ఆ తర్వాత నుంచీ నీటి పరీక్షల ఫలితాలు చూడకుండా ఎవరూ పిల్లల్ని దించరు. పెద్ద వానల తర్వాతే ఆ బెడద ఎక్కువ. జూన్‌ను ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం.

పుస్తెలతాడు సమస్య వేరే ఉంది. ఈ దేశంలో మెడలో బంగారంతో బయట తిరగడం మంచిది కాదు, చీకటి పడ్డాక తీరం వెంట నడకా మంచిది కాదు. తీసి ఇంట్లో పెట్టమంటే అమ్మ వినదు, అడగను కూడా. మెడదాకా బొత్తాలున్న స్వెటర్ కొన్నాను.

తిండి దగ్గర చిక్కొచ్చేలా ఉంది. డర్బన్ పేరు చెప్తే అందరూ బన్నీ చౌ అంటారు. పావు బ్రెడ్డు మధ్యలో తొలిచి అందులో చిక్కుడుగింజల కూరో మటన్ కూరో నింపి ఇస్తారు. చెరకు తోటల్లో పనికి వచ్చిన మనవాళ్ల వారసులు తయారుచేసిన తిండి అది. వర్ణించి చెప్తే అమ్మ "జరమొచ్చినోళ్లు తినే బ్రెడ్డా?" అంది. నాన్నకు మాత్రం ఇంకో ఆశ పెట్టాను. మృగశిర కార్తె రోజు చేప తినకపోతే ఆయనకు ఆ ఏడు మొదలైనట్టుండదు. సరిగ్గా జూన్, జులైల్లోనే సార్డీన్ చేపలు గుంపులుగా ఆ తీరం వెంట పైకి వస్తాయి. కొన్నేళ్లు ఒడ్డుకే కొట్టుకొస్తే జనం బకెట్లతో పట్టుకుపోతారు. వస్తాయో రావో ముందే చెప్పలేం, అయినా ఆయన ఇప్పటికే పులుసు గురించి మాట్లాడుతున్నాడు.

ప్లానులో నేను ఎవరేమన్నా మార్చనిది మౌంట్ ఎడ్జ్‌కూంబ్. ఊరికి ఉత్తరాన చెరకు తోటల మధ్య 1898లో కిష్టప్ప రెడ్డి అనే ఆయన కట్టిన వినాయకుడి గుడి ఉంది. ఆ తోటల్లో పనిచేసిన కూలీల గుడి అది. "మనోళ్లు అంత దూరం ఎట్ల పోయిన్రు?" అని అమ్మ అడిగింది. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది. 1911లో ఆపేసేదాకా అట్లా లక్షా యాభై వేల మందికి పైగా వచ్చారు, ఐదేళ్ల ఒప్పందం మీద. అందులో విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు ఎందరో. మా నల్లగొండ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్లను తిరిగినట్టు ఏజెంట్లు మా ఊళ్లలో తిరగలేదు. ఓడ జాబితాల్లో ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, జిల్లా రాసి ఉన్నాయి. ఒప్పందం ముగిశాక కూలికి పోకుండా ఇక్కడే ఉండాలంటే తలకు మూడు పౌండ్ల పన్ను. గాంధీ పోరాటం తర్వాత 1914లో గానీ అది పోలేదు. వాళ్ల బిడ్డలు సముద్రం ఒడ్డునే ఉండి కూడా తెల్లవాళ్ల బీచిలో అడుగు పెట్టడానికి వీలుండేది కాదు. బీచులనూ అట్లా వేరు చేసిన చట్టం 1990లో రద్దయింది. అమ్మ రేపు మునగబోయే చోట ఆమె వయసు డర్బన్ ఆడవాళ్లు చిన్నప్పుడు మునగలేదు.

అక్కడి తెలుగువాళ్లు 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఇప్పటికీ ఉగాది చేస్తారు, చాలామంది ఇంటిపేరు చోట నాయుడు అనే రాస్తారు. ఇంట్లో మాట మాత్రం ఇంగ్లిషు. మనలాంటి కొత్తగా వచ్చిన ఉద్యోగస్తులు వాళ్లను కలిసినప్పుడు మొదటి ప్రశ్నే "మీకు తెలుగు రాదా?" అని. నాకు అది చిరాకు. నాలుగైదు తరాలు నిలబెట్టుకున్న పండుగను చూడకుండా పోయిన దాన్ని వేలెత్తి చూపడమేమిటి? మన పిల్లలకు ఎంత వస్తోందో ముందు చూసుకుంటే మంచిది.

నాన్నకు మాత్రం ఓడ కథ కన్నా చెరకు సంగతే కావాలి. అక్కడ చాలా తోటలు వాన మీదే, కొండవాలుల్లో పండుతాయంటే నోరెళ్లబెట్టాడు. "కాలువ లేకుండ చెరుకా? ఎకరానికి ఎన్ని టన్నులు?" ఆ లెక్క తోట దగ్గరే ఎవరినైనా అడిగిద్దామని చెప్పాను. దాంతో వస్తానని ఖాయం చేశాడు.

అమ్మానాన్నల్ని డర్బన్ తీసుకుపోదామనుకునే మన వాళ్లందరికీ నా మాట ఇది: డిసెంబర్ మానుకోండి. వ్యవసాయం ఉన్నవాళ్లయితే ఫిబ్రవరిలోనే వీసా కాగితాలు కదిలించండి, మే చివరికి టికెట్ తీయండి, తిరుగు టికెట్ జూన్ దాటనివ్వకండి. కాలువ వదిలే నాటికి వాళ్లు పొలంలో ఉండాలి.