పల్చనే... కానీ చులకన కాదు!

'ద్రోహి మొక్క!'... 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ గామే ద్రాక్షకు వేసిన ముద్ర ఇది. విరగకాస్తుంది కానీ రుచి నాసి, పైగా ఒంటికి చేటు అన్నది ఆయన అభియోగం. తోటలన్నీ పీకేయమన్నాడు. అదే మొక్క కాస్త దక్షిణాన, బోజొలే కొండల గ్రానైట్ నేలల్లో నిలదొక్కుకుంది. ఫ్రాన్స్‌లో తేలికపాటి రెడ్‌వైన్ అంటే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది ఆ కొండలే.

గ్లాసును కాగితం మీదికి వంచితే కింది అక్షరాలు కనిపించేంత పల్చటి ఎరుపు. చెర్రీ, రాస్ప్‌బెర్రీల వాసన. నాలుక మీద వగరు తక్కువ, పులుపు ఎక్కువ. కిటుకు తయారీలోనే ఉంది. ద్రాక్షగుత్తుల్ని చిదమకుండా తొట్టిలో నింపుతారు. అడుగునున్నవి పైబరువుకు నలిగి పులుస్తుంటే, కార్బన్ డయాక్సైడ్ తొట్టంతా కమ్ముకుంటుంది. గాలాడక పైపండ్లు చెక్కుచెదరకుండానే లోలోపల పులియడం మొదలవుతుంది. దాంతో తొక్కల్లోని వగరు రసంలోకి పెద్దగా దిగదు.

రెడ్‌వైన్ కదా అని గది వేడిలోనే ఉంచితే ఆల్కహాల్ ఘాటు పైకొచ్చి పండు వాసన చచ్చిపోతుంది. 12-14 డిగ్రీల చల్లదనం ఉండాలి. అన్నట్టు, ఏటా నవంబరు మూడో గురువారం సందడిగా వచ్చే 'నువో' ఆ ఏడాది పంటతో హడావుడిగా చేసింది. సరదాకైతే సరే. దాన్నొక్కటే రుచి చూసి బోజొలే అంతా ఇంతేననేస్తే ఫిలిప్ తీర్పే మళ్లీ చెప్పినట్టు. అక్కడి మోర్గోన్ ఊరి వైన్, మంచి ఏడాదిదైతే, పదేళ్లు దాచినా నిలుస్తుంది!