ఆఖరి కుళాయి

మా అమ్మ నా ఉద్యోగం గురించి అడిగినవాళ్ళకి "మా పిల్ల నీళ్ళు కడుగుద్ది" అని చెప్పేది. నవ్వొచ్చేది గానీ, ప్రాసెస్ ఇంజనీరంటే ఏంటో అంతకంటే తేలిగ్గా నేనూ చెప్పలేను. కాలవ నీళ్ళు తెచ్చి ఆరు గాజు బీకర్లలో పోసేదాన్ని. ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక కలిపి, ఏ బీకర్లో మడ్డి ముద్దకట్టి అడుక్కి దిగుతుందో చూసేదాన్ని. దాన్ని జార్ టెస్టు అంటారు. ఆ లెక్కన రోజుకి పటిక ఎన్ని కిలోలు, నీళ్ళు తేరే తొట్టి ఎంత, ఇసుక ఫిల్టరు ఎన్ని చదరపు మీటర్లు, క్లోరిన్ ఎంత అని తేల్చాలి. మా నాయనమ్మ చిల్లగింజ అరగదీసి కడవలో కలిపేది. నేను చేసిందీ అదే పని. కాకపోతే నాకు నెలజీతం, ఏ.సి. గది.

మావైపు పల్లె అంటే మేముండే చోటు, మిగతాది ఊరు. మా మాదిగపల్లెకి మంచినీళ్ళ బావి లేదు. ఊరి బావి దగ్గర అమ్మ కడవ పెట్టుకుని దూరంగా నిలబడేది. ఎవరికి దయ కలిగితే వాళ్ళు పైనుంచి పోసేవాళ్ళు. సగం నేలపాలు. చేద ముట్టుకుంటే బావి మైలపడుద్దంట. పల్లెలో ఉన్న ఒక్క బోరులో ఫ్లోరైడు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము మించితే పళ్ళు గారపడతాయి, ఇంకా మించితే ఎముకలు వంగుతాయి. అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళల్లో ఈ జబ్బుందని డాక్టర్లు 1937లోనే రాశారు. మా తాలూకా 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాలోదే. అంటే మా నాయన పుట్టకముందే ఆయన పళ్ళ సంగతి ఒక పత్రికలో అచ్చయిపోయింది.

1985 జూలైలో కారంచేడు జరిగింది. మావాళ్ళు తాగే చెరువులో మురికి కలపొద్దన్న దగ్గర గొడవ మొదలైంది. మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు వెంటాడి వెంటాడి ఆరుగురిని చంపారు. నేనప్పుడు బడిలో ఉన్నాను. నీళ్ళ శుభ్రత అన్న మాట నాకు కెమిస్ట్రీ పుస్తకంలో మొదలు కాలేదు.

ఉద్యోగంలో పదేళ్ళు బాగానే గడిచాయి. నేను లెక్కలు కట్టిన ప్లాంట్లలో నీళ్ళు అద్దంలా వచ్చేవి. ఒక పథకంలో మాత్రం, ప్లాంటు రిజిస్టరులో అన్నీ బాగున్నాయి గానీ ఆఖరి ఊళ్ళో దళితవాడ పిల్లలకి వాంతులు, విరేచనాలు అని ఫిర్యాదొచ్చింది. క్లోరోస్కోపు పట్టుకుని పోయాను. గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలేస్తే పసుపురంగు తేలాలి. ఆఖరి కుళాయి దగ్గర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. రంగు తేలలేదు. వచ్చే నీళ్ళే ఇరవై నిమిషాలు. ఊళ్ళో ఇళ్ళవాళ్ళు పైపుకే మోటార్లు బిగించి లాక్కుంటుంటే వాడదాకా ఏం మిగులుద్ది? సరఫరా ఆగాక పైపులో పీడనం పడిపోయి, అతుకుల్లోంచి పక్కనున్న మురుగుకాలవ నీళ్ళు లోపలికి పీల్చుకుంటాయి. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు మొదటి బిందెలోకి వచ్చేది అదే.

"డోసు పెంచండి మేడం" అన్నారు. పెంచితే ట్యాంకు పక్క ఇళ్ళకి బ్లీచింగు వాసన, చివరికి మళ్ళీ సున్నా. అక్కడ నా కెమిస్ట్రీ అయిపోయింది. ఆ వాడకి 63 మిల్లీమీటర్ల పైపు చాలని ఎవరు రాశారు? వాల్వు ఊరివైపు ఎందుకు పెట్టారు? మా ప్రాసెస్ డ్రాయింగులో ప్లాంటు గేటు దగ్గర ఒక బాణం గుర్తేసి "వినియోగదారులకు" అని రాస్తాం. బాణం దాటాక జరిగే దాని మీద నాకు అధికారం లేదు. అధికారం ఉన్న కుర్చీ ప్రాజెక్టు మేనేజరుది.

ఆ పని అడిగితే మా పెద్దసారు ఆశ్చర్యపోయాడు. "హాయిగా నీడపట్టున కూర్చుని లెక్కలేసుకునేదానివి, ఆ గుత్తేదార్లతో, సర్పంచులతో నీకెందుకమ్మా? నీ మాట వినొద్దూ?" అన్నాడు. ఎందుకు వినరో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

చేరాక నేర్చుకోవడం మళ్ళీ మొదటికొచ్చింది. ఎం.బుక్కు, రన్నింగు బిల్లులు, పైపుల తనిఖీ, రోడ్డు తవ్వడానికి అనుమతులు. ఇవి ఏ కాలేజీలోనూ చెప్పరు. గోడమీద వేలాడే బారుచార్టు చదవడం మాత్రం నాకు తొందరగా వొచ్చింది. ఏ పథకం చార్టు చూసినా మా వాడలు ఆఖరి వరసలో ఉండేవి. "చివరున్నాయి గదా మేడం" అనేవాళ్ళు. చివర ఎందుకున్నాయో వాళ్ళకి తెలీదా! పథకంలో డబ్బులు అయిపోయేది, వానలొచ్చి తవ్వకం ఆగేది, మిగిలిన పైపు ఎవరి పొలానికో తరలిపోయేది, అన్నీ ఆ ఆఖరి వరస దగ్గరే. వాడకి నీళ్ళొద్దని ఎవరూ నోటితో అనరు. వరస సంఖ్య వేస్తారు, అంతే.

బొంబాయి శాసనమండలి 1923లో సర్కారు చెరువులు, బావులు అందరివీ అని తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ 1924లో తన చెరువులు అందరికీ తెరిచామంది. అంబేద్కర్ జనంతో నడిచిపోయి చవదార్ చెరువులో దోసిలి పట్టింది 1927 మార్చి 20న. హైకోర్టులో వ్యాజ్యం తేలింది 1937లో. మహద్‌ని మనం పోరాటంగా చెప్పుకుంటాం, నిజమే. నేను ఇంకోరకంగా కూడా చదువుతాను. మంజూరు ఒక తేదీ, నీళ్ళు ఇంకో తేదీ. 2019లో వచ్చిన జలజీవన్ మిషన్ మనిషికి రోజుకి 55 లీటర్లంది. మంచిదే. ఊళ్ళో తొంభై పారి, పల్లెలో పదే పారినా కాగితం మీద సగటు 55 రావచ్చు.

నా చేతికొచ్చిన చార్టులో వాడల లైన్లు పైకి తెచ్చాను. గుత్తేదారు ఎగిరాడు. "ట్యాంకే లేవలేదు, అక్కడ పైపేసి ఏం చేస్తారు?" ట్యాంకు లేచేదాకా ఊళ్ళోనూ నీళ్ళు రావు గదా అన్నాను. వేసిన ముక్కని వేసినట్టే ట్యాంకరు నీళ్ళు నింపి పీడనపరీక్ష చేయించాను. సైటు కుర్రాళ్ళు రెండోరోజే "మేడం, మీ ఇంటిపేరేంటి?" అన్నారు. చెప్పాను. ఆ తర్వాత సర్పంచి ఇంట్లో అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ, నాకు కాయితం కప్పులో. నేను తాగి, మీటింగు మినిట్సులో వాడ లైను పొడవు మీటర్లతో సహా రాయించి, ఆయన చేతే సంతకం పెట్టించాను.

అన్నిచోట్లా నెగ్గానని కాదు. ఒక ఊళ్ళో నేను సెలవు పెట్టిన వారంలో వాల్వుని జరిపేశారు. ఇంకోచోట పల్లెకి విడిగా చిన్న ట్యాంకు కట్టిస్తామన్నారు. మావాళ్ళలో కొందరికి అదే బాగుంది, రోజూ తగువులుండవని. నాకు మింగుడుపడలేదు. వాళ్ళతో వాదించలేదు. బిందె మోసేది వాళ్ళు.

మురుగునీటి ప్లాంట్లలో ఇంకో సంగతి. సంపు ఎన్ని ఘనమీటర్లుండాలో ప్రాసెస్ వాళ్ళం చెబుతాం. అందులో పేరుకున్న బురద ఎవరు తీస్తారని ఎవరూ అడగరు. ఫోను చేస్తే వచ్చేది మావాళ్ళే. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొకటి, 2014లో సుప్రీంకోర్టు తీర్పు, ఇన్నున్నా గుంటల్లో ఊపిరాడక చస్తున్నారు. అందుకని అంచనాల్లో యంత్రానికి విడిగా ఒక ఐటమ్ రాస్తాను. ఖర్చెక్కువని కొట్టేస్తారు. మళ్ళీ రాస్తాను.

బీకర్లు గుర్తొస్తాయి. పటిక ముద్దలు మంచు దిగినట్టు మెల్లగా దిగుతుంటే చూస్తూ కూర్చోవడం సుఖమైన పని. పాత స్నేహితులు నేను చదువు వదిలేసి మేస్త్రీ పనిలోకి పోయానంటారు. అననీ. ఇప్పుడు నేను చూసే ఒప్పందాల్లో ఒక షరతుంది. ఊరూరా ఆఖరి కుళాయి దగ్గర పీడనం, క్లోరిన్ కొలిచి, వాడ ఆడవాళ్ళిద్దరి సంతకాలు తేకుండా చివరి బిల్లు నా బల్ల దాటదు. మొన్న ఒక గుత్తేదారు మనిషి పొద్దున్నే ఫోను చేశాడు.

"మేడం, ఇక్కడ సంతకం రాదంట ఈమెకి. వేలిముద్ర సరిపోద్దా?"

సరిపోద్దన్నాను. ముందు నీళ్ళు పట్టనిమ్మన్నాను.