మందు కనిపెట్టే పనికీ డబ్బులిస్తారు



మా శావల్యాపురం వైపు ఎవరికైనా క్యాన్సర్ అంటే ముందు అడిగేది "ఆరోగ్యశ్రీలో వచ్చిద్దా?" అనే. వైద్యం ఖర్చు దగ్గరే మన ఆలోచన ఆగిపోతోంది. ఆ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్లకీ డబ్బులిస్తారని, మనకూ ఇస్తారని పీజీలో చేరిందాకా మాకే తెలియదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922లో అమెరికా వెళ్లింది మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ ఇచ్చిన డబ్బుతో. అక్కడ ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేశారు. తర్వాత ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. దాని వెనకే వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు.

మనం ఎవరి గడపా ఎక్కనక్కర్లేదు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఎస్టీ నేషనల్ ఫెలోషిప్ ఏటా 750 మందికి ఇస్తది. పీహెచ్‌డీలో చేరి ఉండాలి, పీజీ మార్కుల మెరిట్ చూస్తారు. లైఫ్ సైన్సెస్ వాళ్లకు సీఎస్ఐఆర్ నెట్ కూడా ఉంది. మనకు పీజీలో 50 శాతం చాలు. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు.

మాలో ఇద్దరం కులధ్రువీకరణ పత్రం టైముకు చేతికి రాక ఒక ఏడాది పోగొట్టుకున్నాం. మీరు ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే పత్రాలన్నీ తీసిపెట్టుకోండి.

నోట్లో పుండు ముదిరిందాకా మన అవ్వ ఎందుకు చూపించుకోలేదు? ఈ ప్రశ్న మనలో ఒకరు ల్యాబుకి తీసుకెళ్తేనే జవాబు దొరికిద్ది.